అల్లిక ఊలు కెనడా షాపుల నుంచే తెప్పించుకోవాలంటే

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి, ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను. మీరుండేది కాల్గరీ. నరసాపురం నుంచి మీ అత్తగారు సూపర్ వీసా (ఇక్కడున్న పిల్లల దగ్గర తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే వీసా) మీద వచ్చారు. లేసు పని ఆవిడకి చిన్నప్పటినుంచీ వచ్చు. మామగారి రైల్వే ఉద్యోగం వల్ల ఉత్తరాదిలో ఉన్న రోజుల్లో సూదుల అల్లిక కూడా నేర్చుకున్నారు. ఇప్పుడు రెండేళ్ళ మనవరాలికి స్వెటర్, కొడుక్కి టోపీ అల్లుతానంటున్నారు. మీరు ఒక అమెరికా సైట్లో ఊలు ఆర్డర్ చేస్తే, కొరియర్ అబ్బాయి గుమ్మం దగ్గర ఇంకో 34 డాలర్లు కడితేనే పార్శిల్ ఇస్తానన్నాడు. అందుకని కెనడాలోనే ఉన్న ఆన్‌లైన్ షాపులు చెప్పమన్నారు, ముట్టుకుని చూడకుండా ఊలు ఎలా ఎంచుకోవాలి, సగంలో అయిపోతే ఏం చెయ్యాలి అని కూడా అడిగారు.

నేనుండేది ఒంటారియోలో, చిన్న ఊళ్ళో. దగ్గర్లో చెప్పుకోదగ్గ ఊలు షాపు లేదు, కాబట్టి చాలా ఏళ్ళుగా నేను కొనేదంతా ఆన్‌లైన్లోనే. షాపుల పేర్లు చెప్తాను గానీ, ముందు ఆ 34 డాలర్ల సంగతి తేలాలి. అది అర్థం కాకపోతే, కెనడా షాపే కదా అనుకుని కొన్నచోట కూడా మళ్ళీ అదే జరుగుతుంది.

అమెరికా, మెక్సికోల నుంచి కొరియర్‌లో వచ్చే సరుకు విలువ 40 కెనడా డాలర్లు దాటకపోతే పన్నూ లేదు, సుంకమూ లేదు. 40 దాటి 150 వరకు సుంకం లేదు గానీ పన్ను కట్టాలి. అదే సరుకు పోస్టులో వస్తే ఈ వెసులుబాటు వర్తించదు, హద్దు 20 డాలర్లే. బ్రిటన్ నుంచో డెన్మార్క్ నుంచో తెప్పించుకున్నా 20 డాలర్లే. అయితే ఆల్బర్టాలో మీరు కట్టాల్సింది 5 శాతం జీఎస్టీ ఒక్కటే. ఎనభై డాలర్ల ఊలు మీద అది నాలుగు డాలర్లు. మిగతాదంతా ఎక్కడినుంచి వచ్చిందంటారా? ఆ నాలుగు డాలర్లు మీ తరఫున సర్కారుకి కట్టినందుకు కొరియర్ కంపెనీ వేసుకునే బ్రోకరేజ్ ఫీజు. పోస్టులో వచ్చినా కెనడా పోస్ట్ ఇలాంటి ఫీజు తీసుకుంటుంది, అది పది డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. కొరియర్ వాళ్ళది మామూలుగా అంతకన్నా ఎక్కువే.

ఇండియా నుంచి మీ అమ్మగారు లూధియానా ఊలు ఉండలు పార్శిల్ చేస్తే మాత్రం 60 డాలర్ల విలువ వరకు గిఫ్ట్ కింద పన్ను లేకుండా వస్తుంది. మీరు డబ్బు కట్టి తెప్పించుకున్నదాని మీద గిఫ్ట్ అని రాయిస్తే అది గిఫ్ట్ అయిపోదు, ఆ జోలికి పోకండి.

ఇక అసలు విషయం. సైట్ పేరు చివర డాట్ సీఏ ఉన్నంత మాత్రాన, ధరలు కెనడా డాలర్లలో చూపించినంత మాత్రాన అది కెనడా నుంచి వస్తుందని కాదు. సరుకు ఏ గోడౌన్ నుంచి బయల్దేరుతుందో అదే చూడాలి. నేను చూసే పద్ధతి ఏంటంటే, ఏదీ కార్టులో వేయకముందే షిప్పింగ్ పేజీ తెరుస్తాను. అందులో కెనడా కస్టమర్లకి డ్యూటీలు మీవే అన్న వాక్యం ఉందంటే సరుకు సరిహద్దు దాటి వస్తోందన్నమాట, వెంటనే బయటికి వచ్చేస్తాను. తర్వాత కాంటాక్ట్ పేజీలో చిరునామా చూస్తాను. ఊరి పేరు చూసి మోసపోకండి. వాంకూవర్ వాషింగ్టన్ రాష్ట్రంలోనూ ఉంది. అలాగే పారిస్, లండన్ పేర్లు చూసి భయపడకండి, రెండూ ఒంటారియోలో ఉన్నాయి. పోస్టల్ కోడ్ ఒక అక్షరం, ఒక అంకె చొప్పున మారుతూ ఉంటే అది కెనడా చిరునామా.

కెనడా నుంచి బయల్దేరే సరుకైతే గుమ్మం దగ్గర అదనంగా కట్టేది ఏమీ ఉండదు. పన్ను కూడా మీరుండే ప్రావిన్స్ లెక్కనే పడుతుంది. ఒంటారియో షాపులో నేను కొంటే 13 శాతం, అదే షాపు నుంచి కాల్గరీకి తెప్పించుకుంటే మీకు 5 శాతమే. న్యూ బ్రన్స్విక్‌లో ఉండేవాళ్ళకి 15 పడుతుంది. ఈ విషయంలో ఆల్బర్టా వాళ్ళు ఎలాగూ అదృష్టవంతులే.

కెనడా షాపు అన్నంత మాత్రాన అందులో కెనడా ఊలే ఉంటుందని కాదు. పెరూ, టర్కీ, నార్వేల నుంచి షాపువాళ్ళు మొత్తంగా తెప్పించుకుని, సుంకాలు వాళ్ళే కట్టి, ఇక్కడ అమ్ముతారు. అందులో తప్పేం లేదు. నూటికి నూరుపాళ్ళు ఇక్కడి గొర్రె, ఇక్కడి మిల్లు కావాలంటే మాత్రం వెతికే దారి వేరు. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, నాకు ఇష్టమైన భాగం అదే.

మొదట సులువైన రకం షాపు. బెర్నాట్, పేటన్స్, కారన్, లిల్లీ అన్న పేర్లు మీరు వాల్‌మార్ట్‌లోనో మైకేల్స్‌లోనో చూసే ఉంటారు. ఇవన్నీ ఒక్క కంపెనీవే: ఒంటారియోలో లిస్టోవెల్ అనే చిన్న ఊళ్ళో ఉన్న స్పిన్‌రైట్. వాళ్ళ ఆన్‌లైన్ షాపు పేరు యార్న్‌స్పిరేషన్స్. సైట్ తెరిచాక దేశం కెనడా అని ఉందో లేదో చూసుకోండి. అన్ని రకాలూ లిస్టోవెల్‌లోనే తయారవుతాయని అనుకోవద్దు, ఎక్కడ చేశారో లేబుల్ మీద ఉంటుంది. మనవరాలి స్వెటర్‌కి ఇక్కడే కొనమంటాను. బెర్నాట్ సాఫ్టీ బేబీ అని పూర్తిగా ఆక్రిలిక్ (గొర్రె ఊలు కాదు, కృత్రిమ నార) ఉండ ఉంది, 140 గ్రాములు, 331 మీటర్లు. రెండేళ్ళ పిల్ల వేసుకునేది పప్పూ అన్నం పడకుండా ఉండదు, రోజు మార్చి రోజు వాషింగ్ మెషీన్లో వేయాల్సిందే. దానికి ఖరీదైన ఊలు పెట్టి, ప్రతిసారీ చేత్తో ఉతుకుతూ కూర్చోవడం దండగ. ఆక్రిలిక్‌కి ఇస్త్రీ పెట్టె మాత్రం తగలనివ్వకండి, కరిగి చప్పబడిపోతుంది.

మీ అత్తగారు ఇండియాలో ఊలు అని కొన్న ఉండల్లో చాలావరకు ఆక్రిలిక్కే అయ్యుంటుంది, కాబట్టి ఆవిడ చేతికి ఇది అలవాటైన సరుకే. ఇక్కడి లేబుల్ మీద వూల్ అని ఉంటే మాత్రం అది గొర్రె ఊలే. ఏ నార ఎంత శాతం ఉందో లేబుల్ మీద రాయాలన్నది కెనడా చట్టం. అందుకే సైట్లో శాతాలు లేకుండా మెత్తని ఊలు మిశ్రమం అని మాత్రమే రాసి ఉంటే నేను ఆ పేజీ దాటేస్తాను.

కొడుకు టోపీ సంగతి వేరు. కాల్గరీలో మైనస్ ముప్పై దగ్గర గాలి కొడుతుంటే ఆక్రిలిక్ టోపీ ఆపలేదు. గొర్రె ఊలు దాని బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, వెచ్చదనం పోదు. చెమట పట్టినా, మంచు కురిసినా తల చల్లబడదు. టోపీకి పేటన్స్ క్లాసిక్ వూల్ వర్‌స్టెడ్ ఉండ ఒకటి, అంచు రెండు మడతలు వెయ్యాలంటే రెండు తీసుకోండి. ఉండకి 100 గ్రాములు, సుమారు 190 మీటర్లు వస్తుంది. నన్నడిగితే టోపీ కన్నా మన మంకీ క్యాప్ అల్లమని చెప్పండి. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున్న పెట్టుకుంటే నవ్వుతారు గానీ, అది కాల్గరీ కోసమే పుట్టిందనిపిస్తుంది.

ఇప్పుడు మిల్లులు. న్యూ బ్రన్స్విక్‌లో హార్వీ దగ్గర యార్క్ మిల్స్ అనే చోట బ్రిగ్స్ అండ్ లిటిల్ అని ఒక ఊలు మిల్లు ఉంది. 1857 నుంచి నడుస్తోంది, కెనడాలో అన్నిటికన్నా పాత ఊలు మిల్లు అదే. సొంత సైట్లో నేరుగా అమ్ముతారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో బ్లూమ్‌ఫీల్డ్ దగ్గర మెక్‌ఆస్‌లాండ్స్ మిల్లు 1870 నాటిది. దుప్పట్లకి పేరున్న మిల్లు, అల్లిక ఊలు కూడా అమ్ముతారు. మీకు దగ్గరది ఆల్బర్టాలోనే కార్‌స్టెయిర్స్ దగ్గరున్న కస్టమ్ వూలెన్ మిల్స్. వందేళ్ళు దాటిన యంత్రాల మీద ఇప్పటికీ ఊలు వడుకుతారు. కాల్గరీ నుంచి కారులో గంట ప్రయాణం. ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు గానీ, ఫోన్ చేసి వెళ్ళగలిగితే అత్తగారిని ఒకసారి తీసుకెళ్ళండి. లేసు పని తెలిసిన మనిషికి ఆ యంత్రాలు చూస్తే పొద్దు తెలియదు.

మిల్లు ఊలు కొనేముందు ఒకటి తెలుసుకోవాలి. పెట్టె తెరవగానే గొర్రె వాసన వస్తుంది. బ్రిగ్స్ అండ్ లిటిల్ వాళ్ళ రీగల్ రకం తెప్పించుకుంటే 113 గ్రాముల చిలప (ఉండగా చుట్టకుండా మెలితిప్పిన ఊలు కట్ట) వస్తుంది, సుమారు 249 మీటర్లు. చేత్తో పట్టుకుంటే బిరుసుగా, కాస్త జిడ్డుగా ఉంటుంది. వడికేటప్పుడు వేసే నూనె అది. పోగుల మధ్య అక్కడక్కడ ఎండుగడ్డి ముక్కలు దొరుకుతాయి, అల్లుతూ గోటితో తీసి పారేయొచ్చు. ఇదంతా చూసి మొదటిసారి కొన్నవాళ్ళు నాసిరకం పంపారని తిరిగి పంపించేస్తుంటారు. తొందరపడకండి. అరచేతి వెడల్పు ముక్క ఒకటి అల్లి, గోరువెచ్చని నీళ్ళలో కొంచెం షాంపూ వేసి అరగంట నాననిచ్చి, రుద్దకుండా పిండి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. నీళ్ళు మురికి రంగులోకి తిరుగుతాయి. ఆరాక చూస్తే పోగులు ఉబ్బి, కుట్ల మధ్య సందులు పూడిపోయి, ముక్క దళసరిగా మెత్తబడి ఉంటుంది. అదే ఆ ఊలు అసలు రూపం. మెడకి నేరుగా తగిలితే కొందరికి గుచ్చుకుంటుంది, పసిపిల్లలకి అసలు వద్దు. చేతి తొడుగులకి, బయటికి వేసుకునే స్వెటర్లకి దీన్ని మించింది నేను వాడలేదు, పైగా ధర కూడా నేలమీదే ఉంటుంది.

ఈ మిల్లు ఊలుని మెషీన్లో వేయకూడదు. ఊలు వెంట్రుక మీద సన్నటి పొలుసులు ఉంటాయి. వేడి నీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని గుడ్డ కుంచించుకుపోతుంది. మళ్ళీ సాగదు. పేటన్స్ క్లాసిక్ వూల్ కూడా అంతే, టోపీ చేత్తోనే ఉతకాలి. సూపర్‌వాష్ అని రాసిన ఊలుకి ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అణిచేసి పైన పలచటి పూత వేస్తారు, అందుకని మెషీన్లో వేసినా కుంచించుకోదు. కానీ తడిస్తే సాగుతుంది. సూపర్‌వాష్‌తో అల్లేటప్పుడు నమూనా ముక్కని ఉతికి ఆరబెట్టాకే కొలవాలి. లేకపోతే ఛాతీకి సరిపోయిన స్వెటర్ మొదటి ఉతుకుతోనే మోకాళ్ళ దాకా వేలాడుతుంది.

మూడో రకం షాపులు ఊళ్ళలో ఉన్న ఊలు దుకాణాలు, ఆన్‌లైన్లోనూ అమ్మేవి. మాంట్రియల్‌లో ఎస్పాస్ ట్రికో, లా మెజాన్ ట్రికొటే, టొరంటోలో రోమ్నీ వూల్స్, విక్టోరియాలో బీహైవ్ వూల్ షాప్ అలాంటివి. ధర పెద్ద దుకాణాల కన్నా ఎక్కువ. ఆ ఎక్కువ డబ్బుకి మీకు దక్కేది అవతల అల్లిక తెలిసిన మనిషి. ఒక మెయిల్ రాసి, ఫలానా నీలం పగటి వెలుతురులో ఫొటో తీసి పంపగలరా అంటే పంపిస్తారు. ఫోన్ స్క్రీన్ మీద కనిపించే రంగు మీద నాకు నమ్మకం లేదు, ముఖ్యంగా ఎరుపులు, ఊదాలు. మాంట్రియల్ షాపుల సైట్లు ఫ్రెంచిలో తెరుచుకుంటే కంగారు పడకండి, పైన భాష మార్చుకునే మీట ఉంటుంది.

మేరీ మాక్సిమ్ అని ఇంకొకటి ఉంది, ఇందాక చెప్పిన ఒంటారియో పారిస్‌లోనే. దళసరి ఊలుతో బొమ్మల స్వెటర్లు అల్లుకునే కిట్లకి పాత పేరు. వీళ్ళకి అమెరికాలోనూ శాఖ ఉంది, కాబట్టి కెనడా సైట్లోనే ఉన్నారో లేదో చూసుకుని కొనండి. చేతి అద్దకం చేసేవాళ్ళు కూడా దేశమంతా ఉన్నారు. వాంకూవర్‌లో 2005లో మొదలైన స్వీట్ జార్జియా వాటిలో పేరున్నది. చూడ్డానికి కన్నుల పండగే గానీ చిలప ముప్పై డాలర్ల పైమాటే ఉంటుంది. ఇప్పుడే వద్దంటాను, ఆవిడకి ఇక్కడి ఊలు రకాలు అలవాటయ్యాక చూద్దురుగాని.

ధర పోల్చేటప్పుడు అందరూ ఉండ ధర చూస్తారు. అది వదిలేసి మీటర్లు చూడండి. ఒక లెక్క చెప్తాను, ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ వారికి స్వెటర్‌కి 1000 మీటర్లు కావాలనుకుందాం. ఒక షాపులో 50 గ్రాముల ఉండ 8 డాలర్లు, 110 మీటర్లు. ఇంకోచోట 113 గ్రాముల చిలప 13 డాలర్లు, 249 మీటర్లు. మొదటిది పది ఉండలు, 80 డాలర్లు. రెండోది నాలుగు చిలపలు తీసుకుంటే 996 మీటర్లే వస్తుంది, ఆ నాలుగు మీటర్లే మెడ పట్టీ దగ్గర కొంప ముంచుతాయి, కాబట్టి అయిదు తీసుకోవాలి, 65 డాలర్లు. పదిహేను డాలర్లు మిగిలిందని సంబరపడేలోపు షిప్పింగ్ చూడండి. మొదటి షాపులో 75 దాటితే షిప్పింగ్ లేదు. రెండోదాంట్లో 15 డాలర్లు, పైగా ఆ షిప్పింగ్ మీద కూడా జీఎస్టీ పడుతుంది. రెండూ కచ్చితంగా 84 డాలర్ల దగ్గర ఆగాయి! ఇప్పుడిక ధర పక్కన పెట్టి, ఉతకడం ఎవరు, వేసుకునేది ఎక్కడ అన్నది చూసి తేల్చుకోవడమే. అమెరికా సైట్లో అదే ఊలు 60 డాలర్లు అని కనిపించినా, మారకం 1.40 వేస్తే షిప్పింగ్, పన్ను, బ్రోకరేజ్ ఏమీ కలపకముందే 84 అయిపోతుంది.

గజాల్లో రాసి ఉంటే గజం అంటే 0.91 మీటరు. షిప్పింగ్ ఉచితం అవ్వాలని అవసరం లేని ఉండలు రెండు కార్టులో వేసుకునే జబ్బు అందరికీ ఉంటుంది. అంతకన్నా తోటి తెలుగువాళ్ళతోనో, ఆఫీసులో అల్లికలు చేసేవాళ్ళతోనో కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి.

ఊలు లావు విషయంలో ఇండియా లెక్క ఇక్కడ పనికిరాదు. మనవాళ్ళు నాలుగు ప్లై, మూడు ప్లై అంటారు, కంపెనీని బట్టి లావు మారుతుంది. ఇక్కడి లేబుల్ మీద చిన్న ఊలు ఉండ బొమ్మలో 0 నుంచి 7 వరకు అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ లావు. పసిపిల్లల స్వెటర్లకి 3, టోపీలకి, పెద్దవాళ్ళ స్వెటర్లకి 4, సాక్సులకి 1. అంకె లేకపోతే వంద గ్రాములకి ఎన్ని మీటర్లో చూడండి. నాలుగొందల దగ్గరుంటే సాక్సుల సన్నం, రెండొందల దగ్గరుంటే 4వ నంబరు, వంద చిల్లరైతే బాగా లావు.

సూదుల నంబర్ల దగ్గర ఇంతకన్నా పెద్ద తిరకాసు ఉంది. మీ అత్తగారు పది నంబరు సూదులు కావాలంటారు, మీరు సైట్లో పది నంబరు సూదులు ఆర్డర్ పెడతారు, వచ్చినవి చూసి ఆవిడ ఇవి సూదులా కర్రలా అంటారు. ఇండియాలో వాడేది పాత బ్రిటిష్ నంబర్లు, అందులో అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. ఇక్కడి సైట్లలో ఎక్కువగా కనిపించేవి అమెరికా నంబర్లు, అందులో అంకె పెరిగితే లావెక్కుతుంది. ఆవిడ పది అంటే 3.25 మిల్లీమీటర్లు, అమెరికా పది అంటే 6 మిల్లీమీటర్లు. ఆవిడ ఎనిమిది 4 మిల్లీమీటర్లు, అమెరికా ఎనిమిది 5. కెనడాలో కూడా ఒకప్పుడు బ్రిటిష్ నంబర్లే నడిచాయి, అందుకని ఇక్కడి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో దొరికే పాత సూదులు ఆవిడ లెక్కకి సరిపోతాయి. ఏది కొన్నా మిల్లీమీటర్లు చూసి కొనండి.

సగంలో ఊలు అయిపోవడం గురించి. ప్రతి లేబుల్ మీద డై లాట్ నంబరు ఉంటుంది, ఒకే తొట్టిలో అద్దిన ఊలుకి ఒకే నంబరు. పేరు ఒకటే అయినా లాట్ మారితే వెలుతురులో గీత గీసినట్టు తేడా కనబడుతుంది. కాబట్టి మొత్తం ఒకేసారి కొనాలి, లెక్కకి మించి ఒక ఉండ ఎక్కువ. ఆర్డర్‌లో రిమార్కు రాసే పెట్టె ఉంటుంది, అన్నీ ఒకే డై లాట్ కావాలి, లేకపోతే పంపేముందు చెప్పండి అని రాయండి. చిన్న షాపులు ఇది తప్పకుండా పాటిస్తాయి. పెద్ద గోడౌన్లలో ఏరి పంపే ఓపిక ఉండకపోవచ్చు, పెట్టె రాగానే లేబుళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకోండి. అయినా తక్కువ పడితే, రెండు లాట్ల ఉండల్నీ రెండేసి వరసలు మార్చి మార్చి అల్లితే తేడా కలిసిపోతుంది. లేదా కొత్త లాట్‌ని చేతుల అంచులకి, మెడకి వాడేయండి. అల్లికలు చేసేవాళ్ళంతా కలిసే రావెల్రీ సైట్లో ఉచితంగా చేరి ఆ ఊలు పేరు వెతికితే, ఇళ్ళలో మిగిలిపోయినవి అమ్మేవాళ్ళు కూడా కనిపిస్తారు. అమ్మే మనిషి కెనడాలో ఉందో లేదో చూసుకోవాలి, పొగ తాగే ఇల్లా, పిల్లులున్నాయా అని మొహమాటం లేకుండా అడగాలి.

అలా ఇళ్ళ నుంచి వచ్చిన గొర్రె ఊలుని నేరుగా మీ ఊలు సంచిలో కలపకండి, బట్టల పురుగు గుడ్లు రావచ్చు. జిప్ కవర్లో గాలి తీసి మూసి, ఇంట్లో డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. బయట మైనస్ ఇరవై ఉంది కదా, బాల్కనీలో పెట్టేద్దాం అనిపిస్తుంది. వేరే ఊరైతే ఏమోగాని, మీ కాల్గరీలో చినూక్ అనే వెచ్చటి గాలి వచ్చిందంటే ఒక్క పూటలో మంచు కరిగిపోతుంది, పురుగు నిక్షేపంగా బతుకుతుంది.

చిలపగా వచ్చిన ఊలుని అలాగే అల్లకూడదు, ఉండ చుట్టుకోవాలి. చిలపకి కట్టిన దారాల ముడులు విప్పకముందే దాన్ని కుర్చీ వీపుకి తగిలించండి, లేదా మీ వారిని రెండు చేతులూ చాపి కూర్చోమనండి, టోపీ ఆయనకే కదా. కానీ రంగు, లాట్ అన్నీ చూసుకున్నాకే చుట్టండి. ఉండ చుట్టేసిన చిలపని ఏ షాపూ వెనక్కి తీసుకోదు. మామూలు రిటర్నులకి కూడా చాలాచోట్ల తిరుగు పోస్టేజ్ మనదే, సేల్‌లో కొన్నవాటికి ఆ మాటే లేదు.

ఎప్పుడు కొనాలన్నది కూడా చెప్పాలి. చలి మొదలయ్యాక ఆర్డర్ పెట్టడం నా మటుకు నాకు టెన్షన్. 2024లో నవంబరు 15 నుంచి డిసెంబరు 17 వరకు కెనడా పోస్ట్ సమ్మె నడిచింది, అల్లేవాళ్ళందరికీ ఊలు కావాల్సిన నెల అది. 2025లో మళ్ళీ సెప్టెంబరు 25న దేశమంతా సమ్మెకి దిగారు. చిన్న షాపులు చాలావరకు పోస్టు మీదే ఆధారపడతాయి. ఆగస్టులోనే తెప్పించుకుంటే ఏ గొడవా ఉండదు. ఆలస్యమైతే కొరియర్‌లో పంపే వీలున్న షాపు చూసుకోండి. బ్లాక్ ఫ్రైడేకి, బాక్సింగ్ డేకి తగ్గింపులు బాగానే ఉంటాయి, అవి వచ్చే ఏడాది ఊలు కొనుక్కోవడానికి పనికొస్తాయి.

మీకైతే మొదటి ఆర్డర్ ఇలా పెట్టమంటాను. యార్న్‌స్పిరేషన్స్ కెనడా సైట్లో సాఫ్టీ బేబీ ఒకే రంగు రెండు ఉండలు, క్లాసిక్ వూల్ రెండు ఉండలు. షిప్పింగ్ ఉచితం అవ్వడానికి ఇంకొంచెం కావాలంటే పేటన్స్ క్రోయ్ సాక్స్ రెండు ఉండలు కలపండి. ఉండకి 50 గ్రాములు, ముప్పాతిక వంతు ఊలు, పావు వంతు నైలాన్, రెండు ఉండలతో ఒక జత సాక్సులు అవుతాయి. మీ వారి స్వెటర్ తొందర లేదు. కార్‌స్టెయిర్స్ వెళ్ళి అత్తగారు చేత్తో పట్టుకుని చూశాక దాని సంగతి. ఈలోపు ఆవిడ దగ్గరున్న సూదులు ఎన్ని మిల్లీమీటర్లో, పది సెంటీమీటర్ల వెడల్పులో ఆవిడ చేతికి ఎన్ని కుట్లు పడుతున్నాయో, మీ వారి ఛాతీ కొలత ఎంతో ఇక్కడ పెట్టండి. ఎన్ని చిలపలు కావాలో లెక్కవేసి చెప్తాను.